కార్బిమజోల్ పక్కన చూర్ణం

వరంగల్‌లో థైరాయిడ్ రోగికి రెండు దారులూ దగ్గరే. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, దాని బోధనాసుపత్రి ఎంజీఎం ఒకవైపు. అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఇంకోవైపు. ఇవి కాక ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు నుంచి వచ్చే వేర్లూ బెరళ్లూ అమ్మేవాళ్లున్నారు, 'చెట్ల మందు' ఇచ్చే నాటు వైద్యులున్నారు, ఫోన్ తెరిస్తే చాలు చూర్ణం ఇంటికే పంపిస్తామనే ప్రకటనలున్నాయి. పొద్దున థైరాయిడ్ హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ మాత్ర, రాత్రి పాలలో చెంచాడు చూర్ణం అనే పద్ధతి ఇక్కడ వింతేమీ కాదు. ఆ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాసం విషయం. 'ఆయుర్వేదమా, ఇంగ్లిషు మందా' అన్న పాత తగాదాలో దీనికి జవాబు దొరకదు. ఏ మూలిక గ్రంథిని ఎటు తోస్తుంది, ఎంత బలంగా తోస్తుంది, ఆ తోపును ఎవరు కనిపెట్టి చూస్తున్నారు అన్నవే అసలు ప్రశ్నలు.

'మా ఆమెకు థైరాయిడ్ ఉంది' అని చాలామంది చెబుతారు గానీ, గ్రంథి మందగించిందా (హైపో), మితిమీరి పనిచేస్తోందా (హైపర్) అన్నది చెప్పరు. మన దేశంలో మొదటిదే ఎక్కువ. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ తేలింది. కొచ్చిలో 971 మందిని పరీక్షించిన మరో అధ్యయనంలో లక్షణాలు బయటపడే స్థాయి హైపర్‌థైరాయిడ్ 1.3 శాతం మాత్రమే. వ్యాపారం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? 'థైరాయిడ్‌కు మందు' పేరుతో అమ్ముడయ్యే చూర్ణాలు, గుళికలు, ఇరుగుపొరుగు చెప్పే చిట్కాలు చాలావరకు మందగించిన గ్రంథిని లేపడానికి ఉద్దేశించినవే. పరుగెడుతున్న గ్రంథి ఉన్న మనిషి చేతిలో వాటిని పెడితే ఎద్దు బెదిరి ఉరుకుతుంటే వెనక నుంచి ములుకర్రతో పొడిచినట్టే.

హైపర్‌లోనూ రకాలున్నాయి. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలను తయారుచేస్తే అది గ్రేవ్స్ వ్యాధి. 1835లో దాన్ని వర్ణించిన డబ్లిన్ వైద్యుడి పేరే దానికి స్థిరపడింది. గ్రంథిలో గడ్డలు పెరిగి అదుపు లేకుండా హార్మోన్ వదలడం రెండో రకం. గ్రంథి వాచి, అప్పటికే నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోవడం మూడోది, దాన్ని థైరాయిడైటిస్ అంటారు. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, బాగా తింటున్నా బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం అన్నింటిలోనూ కనిపిస్తాయి. వైద్యం మాత్రం వేరు. మొదటి రెంటికీ కార్బిమజోల్ లాంటి మాత్రలు, రేడియో అయోడిన్, లేదా ఆపరేషన్. మూడోదానికి చాలాసార్లు కొన్నాళ్లు గుండెదడను తగ్గించే ప్రొప్రనలాల్ వేసి కనిపెట్టుకుని ఉంటే చాలు. ఈ మూడో రకాన్ని గుర్తుపెట్టుకోండి, నాటు మందుల ఖ్యాతికి దానికీ సంబంధం ఉంది.

వరంగల్ ఎండల్లో చెమటలు, దడ, నీరసం అంటే ఎవరైనా ముందు అనే మాట 'వేడి చేసింది'. సబ్జా గింజలు, సుగంధి పాలు, మజ్జిగ మొదలవుతాయి. వీటివల్ల గ్రంథికి వచ్చే నష్టమేమీ లేదు. పరీక్ష మాత్రం నాలుగు వారాలో ఎనిమిది వారాలో వెనక్కి పోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతి అడుగులో ఉంది. మనిషి సన్నబడుతుంటే, చేతులు వణుకుతుంటే, రాత్రుళ్లు నిద్ర లేకపోతే, ఊరికే కంగారు పడుతుంటే ఇంట్లోవాళ్లు 'బలం మందు' వెతుకుతారు. అది ఎక్కువసార్లు అశ్వగంధే అవుతుంది. మన పెద్దలు పెన్నేరు గడ్డ అనేది దాన్నే. నీరసానికి, నిద్రలేమికి, ఆందోళనకు, బక్కచిక్కడానికి దానికి పేరుంది. హైపర్‌థైరాయిడ్ రోగి పడే బాధల జాబితా కూడా సరిగ్గా అదే. లక్షణాన్ని చూసి మందు ఎంచుకునేవారికి ఇంతకన్నా నమ్మకమైన ఉచ్చు ఉండదు.

ఎందుకంటే అశ్వగంధ గ్రంథిని పైకి తోస్తుంది. ఇండోర్‌లోని దేవీ అహల్యా విశ్వవిద్యాలయ పరిశోధకులు పండా, కర్ 1998, 1999లలో చిట్టెలుకలకు దాని వేరు సారం ఇచ్చి చూస్తే థైరాక్సిన్ (టీ4) పెరిగింది. 2018లో వెలువడిన ఒక భారతీయ పరీక్షలో, గ్రంథి కొద్దిగా మందగించిన 50 మందిలో సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం ఎనిమిది వారాలు ఇచ్చారు. గ్రంథిని ప్రేరేపించే టీఎస్‌హెచ్ తగ్గింది, థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 పెరిగాయి. మందగించిన గ్రంథికి అది శుభవార్తే కావచ్చు. అదే గుణం హైపర్ రోగికి విషమం. నెదర్లాండ్స్‌లో నీరసానికని అశ్వగంధ గుళికలు వేసుకున్న 32 ఏళ్ల మహిళకు థైరాయిడ్ హార్మోన్ విపరీతంగా పెరిగిందని, మానేశాక తగ్గిందని 2005లో అక్కడి వైద్య పత్రిక రాసింది. 2023లో డెన్మార్క్ అశ్వగంధను నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లో థైరాయిడ్ మీద ప్రభావం ఒకటి. మన ఆయుష్ వర్గాలు ఆ నిషేధాన్ని తప్పుపట్టాయి. దేశమంతటికీ నిషేధం అనేది నాకూ ఎక్కువే అనిపిస్తుంది. కానీ కార్బిమజోల్ వాడుతున్న మనిషి విషయంలో ఆ వాదన అక్కర్లేదు. ఒక చేత్తో తగ్గిస్తూ ఇంకో చేత్తో పెంచితే, మందు పనిచేయడం లేదనుకుని డాక్టర్ మోతాదు పెంచుతాడు. మోతాదుతోపాటు మాత్ర దుష్ఫలితాలూ పెరుగుతాయి.

రెండో పేరు కాంచనార గుగ్గులు. మెడలో వాపు, గడ్డ కనిపిస్తే ఆయుర్వేద వైద్యులకు ముందు తోచేది ఇదే. శార్ఙ్గధర సంహితలో చెప్పిన యోగం. దేవకాంచనం బెరడు, త్రిఫల, శొంఠి, పిప్పలి, మిరియాలు, ఉలిమిరి బెరడు, వీటన్నిటితో సమంగా గుగ్గులు. గ్రంథకర్తలు దీన్ని గలగండం, గండమాల వంటి వాపులకు చెప్పారు. వాపు తగ్గించడం వేరు, హార్మోన్ తగ్గించడం వేరు. థైరాక్సిన్‌ను అమెరికాలో కెండాల్ వేరుచేసిందే 1914 డిసెంబరులో. ఉబ్బిన మెడ వెనక గ్రంథి మందగించిందా, ఉరుకుతోందా అని కొలిచే సాధనం శార్ఙ్గధరుడి కాలంలో ఎవరి దగ్గరా లేదు, అది ఆయన తప్పూ కాదు. ఇప్పుడు కొలత ఉంది. వారణాసి పరిశోధకులు 1980లలో గుగ్గులు నుంచి తీసిన పదార్థం ఎలుకల్లో థైరాయిడ్‌ను చురుకు చేస్తుందని చూపారు. ఇండోర్ ప్రయోగాల్లో కాంచనం జాతికే చెందిన మరో చెట్టు బెరడూ చిట్టెలుకల్లో హార్మోన్లను పెంచింది. దీనికి తోడు 1994లో ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో గుగ్గులు సారం, దాంతోపాటు వేసిన ప్రొప్రనలాల్ రక్తంలోకి చేరకుండా చాలావరకు అడ్డుపడింది. హైపర్ రోగి గుండెదడను పట్టి ఉంచేది ఆ ప్రొప్రనలాలే. గ్రంథిని లేపడం, గుండెకు కాపలా ఉన్న మాత్రను బలహీనపరచడం, రెండూ ఒకే గుళికలో.

మరి తగ్గించే మూలికలు లేవా? ఉన్నాయి, అవి మన వంటింట్లోనే ఉన్నాయి. అదే ఇండోర్ ప్రయోగశాలలో తులసి ఆకు సారం మగ చిట్టెలుకల్లో టీ4ను తగ్గించింది. మెంతుల సారం టీ4 నుంచి టీ3 తయారవడాన్ని అడ్డుకుంది. మునగాకు సారం ఆడ ఎలుకల్లో టీ3ని తగ్గించింది, మగవాటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ ఫలితాలు ఆసక్తికరమైనవే. టీ4ను టీ3గా మారనివ్వకపోవడం ప్రొపైల్ థయోయురసిల్ అనే మాత్ర చేసే పనుల్లో ఒకటి కూడా. అయితే అవి ఎలుకలు, అది సారం, రోజుల లెక్కలో సాగిన ప్రయోగం. అక్కడి నుంచి మనుషుల మీద పెద్ద పరీక్షల దాకా ఆ దారి రాలేదు. మునగాకు పప్పు వండుకోండి, మెంతికూర తినండి, పెరట్లో తులసి ఆకు నమలండి. తిండి మోతాదులో వీటికి భయపడక్కర్లేదు, వీటిని నమ్మి మాత్ర మానడానికీ వీల్లేదు. గుళికల్లో నింపిన సారాల సంగతి వేరు.

ఇక్కడ చరిత్రలోకి ఒకసారి వెళ్లాలి. చెట్ల మందుకూ మాత్రకూ మనం అనుకున్నంత దూరం లేదు. 1928లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో చెస్నీ బృందం సిఫిలిస్ పరిశోధన కోసం కుందేళ్లను పెంచుతోంది. వాటికి మేత క్యాబేజీ. కొన్నాళ్లకు వాటి మెడలు ఉబ్బసాగాయి, వెతికితే కారణం మేతలో తేలింది. ఆకులోని ఏదో పదార్థం గ్రంథికి అడ్డుపడుతోందన్న మాట. తర్వాత 1940ల మొదట్లో థయోయూరియా వంటి రసాయనాలు ఎలుకల్లో హార్మోన్ తయారీని ఆపేస్తున్నాయని బయటపడింది. బోస్టన్‌లో ఆస్ట్‌వుడ్ 1943లో వాటిని రోగులకిచ్చి ఫలితం చూపాడు. నేటి కార్బిమజోల్ ఆ వంశంలోదే. అదే ఆస్ట్‌వుడ్ 1949లో టర్నిప్ జాతి దుంపల నుంచి గాయిట్రిన్ అనే సహజ పదార్థాన్ని వేరుచేశాడు, దానిదీ గ్రంథిని అడ్డుకునే గుణమే.

అయితే క్యాబేజీ తింటే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. ఆకులో ఆ పదార్థం ఎంతుందో పంటను బట్టి, వండే తీరును బట్టి మారుతుంది. మాత్రలో అయిదు మిల్లీగ్రాములంటే అయిదే. నెలనెలా రక్తపరీక్ష చూసి పదిహేను నుంచి పదికి, పది నుంచి అయిదుకు దింపడం ఆ లెక్క తెలిసినందువల్లే సాధ్యం. సజ్జలదీ ఇదే కథ. సుడాన్‌లోని డార్ఫర్‌లో సజ్జలే ప్రధాన ఆహారమైన పల్లెల్లో గాయిటర్ (థైరాయిడ్ వాపు) ఎక్కువగా ఉండటానికి అయోడిన్ లోపంతోపాటు ఆ గింజలోని ఫ్లేవనాయిడ్లు కూడా కారణమని 1980ల చివర్లో గైతాన్ బృందం చెప్పింది. రోజూ మూడు పూటలా అదే తిని, అయోడిన్ అందని జనం సంగతది. వారానికి రెండు సజ్జ రొట్టెలు తినే మనకు అది రోగమూ తేదు, మందూ కాదు.

నిజంగా పనిచేసిన భారతీయ మూలిక ఒకటుంది, సర్పగంధ. 1952లో దాని వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. ప్రొప్రనలాల్ రాకముందు హైపర్‌థైరాయిడ్ ముదిరిన రోగుల గుండె వేగాన్ని, ఉద్రేకాన్ని దించడానికి పాశ్చాత్య ఆసుపత్రులే దాన్ని వాడాయి. అది గ్రంథిని ముట్టదు, హార్మోన్ రేపిన అలజడినే అణుస్తుంది. ఇవాళ ప్రొప్రనలాల్ వేసుకుంటున్న మనిషికి 'నిద్ర బాగా పడుతుంది' అని సర్పగంధ ఇస్తే నాడి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు, మనసు కుంగిపోవచ్చు. పనిచేసే మూలికకు దుష్ఫలితం కూడా ఉంటుంది. 'చెట్ల మందే కదా, పనిచేయకపోయినా నష్టం లేదు' అనే మాట ఎంతకీ పోకపోవడమే నాకు ఆశ్చర్యం.

మనుషుల మీద మాత్ర, మూలిక రెండూ కలిపి ఇచ్చిన పరీక్షలు ఎక్కువగా చైనావి. 2007లో కాక్రేన్ సంస్థ వాటిని సమీక్షించింది. 13 పరీక్షలు, 1770 మంది రోగులు. మాత్రలతోపాటు చైనా మూలికలు ఇచ్చినవారిలో వ్యాధి తిరగబెట్టడం, మాత్రల దుష్ఫలితాలు తగ్గి ఉండవచ్చని లెక్కలు చూపాయి. కానీ 13కు 13 పరీక్షలూ నాసిరకం అని సమీక్షకులే రాశారు. ఐరోపాలో నిమ్మ వాసన వచ్చే మెలిస్సా ఆకు, లైకోపస్ అనే మొక్క ప్రసిద్ధం. 1980లలో పరీక్షనాళికలో ఈ రెంటి సారాలు గ్రేవ్స్ యాంటీబాడీలను గ్రంథికి అంటుకోనీయకుండా అడ్డుకున్నాయి. అంతవరకు మంచి ఆధారమే. పరీక్షనాళిక నుంచి నాలుక దాకా ఉన్న దూరం ఇంకా మిగిలే ఉంది.

ఇంత తక్కువ ఆధారంతో ఇంత నమ్మకం ఎలా పుట్టింది? ఇందాక చెప్పిన థైరాయిడైటిస్ దగ్గరికి రండి. వాచిన గ్రంథి నుంచి హార్మోన్ కారడం సాధారణంగా కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో దానంతటదే ఆగిపోతుంది. ఆ మూడు నెలలూ ఏ పసరు తాగినా ఆ పసరుకే పేరు. గ్రేవ్స్‌లోనూ అంతే. కార్బిమజోల్ పూర్తిగా పట్టడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాలకు ఓపిక నశించి చూర్ణం కలిపినవాడికి ఆరోవారంలో గుణం కనిపిస్తే ఘనత ఎవరికి పోతుందో తెలిసిందే. ఇందులో ఎవరి మోసమూ ఉండనక్కర్లేదు. అప్పుడిక మాత్ర మానేయడం తేలిక. గ్రేవ్స్‌కు మాత్ర ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి. అంతా వాడినవారిలోనే సుమారు సగం మందికి తిరగబెడుతుంది.

రెంటినీ కలిపి వాడేవారికి నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏ మూలికలోనూ లేదు. కార్బిమజోల్ వెయ్యి మందిలో ఇద్దరు ముగ్గురికి తెల్ల రక్తకణాలను హఠాత్తుగా పడగొడుతుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. తొలి సూచనలు జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు. మన ఇళ్లలో గొంతు నొప్పి అంటే ఏం చేస్తాం? శొంఠి, మిరియాలు, తులసి వేసి కషాయం కాస్తాం, అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకుంటాం. మామూలు జలుబుకు అది చక్కటి వైద్యం. కార్బిమజోల్ వాడేవారికి ఆ రెండు రోజుల కషాయం ప్రాణం మీదికి తేగలదు. అలాంటి జ్వరం రాగానే మాత్ర ఆపి, అదే రోజు రక్తకణాల లెక్క తీయించాలి. ఎంజీఎంకు వెళ్లినా, వీధి చివర ల్యాబ్‌కు వెళ్లినా అది చిన్న పరీక్షే. అతిమధురానిదీ ఒక పేచీ ఉంది. ఎక్కువగా, ఎక్కువ రోజులు తింటే పొటాషియం తగ్గిస్తుంది. హైపర్‌థైరాయిడ్ ఉన్న ఆసియా మగవాళ్లలో కొందరికి పొటాషియం పడిపోయి, తెల్లారేసరికి కాళ్లు చచ్చుబడతాయి. ఆ రెండూ జోడవడం మంచిది కాదు.

కాలేయం సంగతి కొద్దిగా చెప్పాలి. కార్బిమజోల్ అరుదుగా కామెర్లు తెస్తుంది. ప్రొపైల్ థయోయురసిల్‌తో వచ్చే కాలేయ నష్టం తీవ్రం కాబట్టి 2010లో అమెరికా ఔషధ సంస్థ దానిమీద అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టింది. ఇటు అశ్వగంధతో, కరోనా కాలంలో రోగనిరోధక శక్తికని తాగిన తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి మన దేశపు వైద్యులే రాశారు. 2022లో వచ్చిన తిప్పతీగ అధ్యయనంలో 43 మంది రోగులున్నారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణలతో విభేదించింది. ఆ వాదన తేలేలోపు రోగికి మిగిలే ఇబ్బంది ఇది: కళ్లు పచ్చబడితే తప్పు మాత్రదా, తీగదా అని డాక్టర్ చెప్పలేడు, అవసరమైన మాత్రను అనుమానం మీద ఆపాల్సి వస్తుంది. పైగా గ్రేవ్స్ రక్షణ వ్యవస్థ అతిగా రెచ్చిపోయి వచ్చే జబ్బు. దానికి 'ఇమ్యూనిటీ పెంచే' మందు ఎందుకన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్న.

పరీక్షలనే తప్పుదారి పట్టించేవీ ఉన్నాయి. హైపర్‌లో జుట్టు రాలుతుంది, జుట్టుకని బయోటిన్ మాత్రలు కొంటారు. అది మూలిక కాకపోయినా 'హెర్బల్' సీసాల్లో తరచూ కలుస్తుంది. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. జబ్బు తగ్గినా తగ్గనట్టు కాగితం మీద కనిపిస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు మానాలి. సముద్రపు నాచు గుళికలు ఇంకో రకం, వాటిలో అయోడిన్ కుప్పలుగా ఉండొచ్చు, గడ్డలున్న గ్రంథికి అది ఆజ్యం. కూరలో వేసే అయోడైజ్డ్ ఉప్పును మాత్రం మామూలు మోతాదులో వాడుకోవచ్చు. సీసా మీద రాసిందే లోపల ఉందన్న భరోసా కూడా లేదు. అమెరికాలో 'థైరాయిడ్ ఆరోగ్యానికి' అమ్మే 10 ఉత్పత్తులను పరీక్షించి 2013లో ప్రచురిస్తే తొమ్మిదింటిలో టీ3, అయిదింటిలో టీ4 హార్మోన్లే బయటపడ్డాయి. ఇంటర్నెట్‌లో అమ్ముడైన 193 ఆయుర్వేద ఉత్పత్తులపై 2008లో వచ్చిన అధ్యయనంలో అయిదింట ఒక వంతుకు సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. గాయిటర్‌ను నయం చేస్తామని ప్రకటించడాన్ని మన దేశంలో 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టమే నిషేధించింది. ఫోన్‌లో రోజూ కనిపించే ప్రకటనలు ఆ చట్టాన్ని చదివినట్టు లేవు.

ఇదంతా ఆయుర్వేదం జోలికి పోవద్దని చెప్పడానికి కాదు. నిద్ర, ఆహారం, జీర్ణం, మనోబలం విషయంలో చదువుకున్న వైద్యుడు ఇచ్చే సలహాకు విలువ ఉంది. బీఏఎంఎస్ చదివినవారికి టీఎస్‌హెచ్ రిపోర్టు చదవడం వచ్చు. నాకు కోపం తెప్పించేది రెండు గదుల మధ్య ఉన్న మౌనం. డాక్టర్ 'ఇంకేమైనా వాడుతున్నారా' అని అడగడు, అడిగితే తిడతాడని రోగి చెప్పడు. ఆయుర్వేద వైద్యుడికి కార్బిమజోల్ సంగతి చెబితే 'ముందది మానెయ్' అంటాడేమోనని అక్కడా నోరు మూస్తారు. అలా మానమనే వైద్యుడు ఎదురైతే ఆ చోటు మార్చడం మేలు. చూర్ణం పొట్లాన్ని, సీసాను సంచిలో వేసుకుని వెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టడం, కొత్త మూలిక మొదలుపెడితే ఆరు వారాలకు టీ3, టీ4, టీఎస్‌హెచ్ చూపించుకోవడం ఎవరైనా చేయగలిగిన పనులే.

రేడియో అయోడిన్ తీసుకున్నాక, లేదా గ్రంథి తీసేశాక, చాలామంది హైపర్ రోగులు హైపో రోగులవుతారు. అప్పుడిక రోజూ పరగడుపున థైరాక్సిన్ వేసుకోవాలి. ఇనుము, కాల్షియం ఆ మాత్రను పేగులోనే పట్టేసుకుంటాయి, అందుకే వాటికీ దానికీ నాలుగు గంటల ఎడం చెబుతారు. లోహ భస్మం, మండూర భస్మం ఇనుమువి, శంఖ భస్మం, ప్రవాళ భస్మం కాల్షియంవి. వాటికీ అదే ఎడం వర్తిస్తుంది. ఇక అశ్వగంధ విషయానికొస్తే, ఇప్పుడు గ్రంథి లేదు కదా అని మళ్లీ మొదలుపెట్టేవాళ్లుంటారు. అప్పటికి థైరాక్సిన్ మోతాదు మైక్రోగ్రాముల్లో కుదిరి ఉంటుంది కాబట్టి, మొదలుపెట్టే ముందు ఆ సంగతి మోతాదు రాసిన డాక్టర్‌కు తెలియాలి.